బొండకొయ్య చేసినవాడికే బొండకొయ్య

ప్యూరిటన్లు, అంటే ఇంగ్లండ్ నుంచి అమెరికా వెళ్ళి స్థిరపడిన ఆ మహా నిష్ఠాపరులైన క్రైస్తవులు, అనగానే మనలో చాలామందికి ఓ చులకన. నల్ల బట్టలు, బిగించిన మూతులు, పండగ చేసుకుంటే పాపం, పేకాడితే పాపం, కాస్త గట్టిగా నవ్వితే అనుమానం... ఇంతేనా మనకి తెలిసింది అని నాకు చాలా బాధగా ఉంటుంది. (నల్ల బట్టలు కూడా అందరూ రోజూ వేసుకునేవాళ్ళు కాదండీ, ఆ రోజుల్లో మంచి నల్ల రంగు అద్దకం బాగా ఖరీదు, అది పెద్దోళ్ళ సరదా.) వాళ్ళ అసలు గొప్పతనం ఎవరూ చెప్పరు. 1630లో జాన్ విన్‌త్రాప్ అనే లాయర్ గారు గవర్నర్‌గా, 11 ఓడల్లో ఇంగ్లండ్ నుంచి సముద్రం దాటొచ్చి అమెరికాలో ఇప్పటి మసాచుసెట్స్‌లో బోస్టన్ చుట్టుపక్కల ఊళ్ళు కట్టుకున్న ఈ జనం, పెద్దపెద్ద ప్రభుత్వాలకి కూడా చేతకాని పని ఒకటి చేసి చూపించారు. పైసా జీతం ఇవ్వకుండా, యూనిఫాం కుట్టించకుండా, ఊళ్ళో ఉన్న ప్రతి మనిషినీ ఇంకో మనిషి మీద పోలీస్‌ని చేసేశారు. దీన్ని మెచ్చుకోవాల్సింది పోయి వెక్కిరిస్తారా?

విన్‌త్రాప్ గారు ఆ ప్రయాణం సందర్భంగానే ఓ ప్రసంగం రాసుకున్నారు. మనం కొండమీద పట్టణంలా ఉండబోతున్నాం, అందరి కళ్ళూ మన మీదే ఉంటాయి అని అందులో చెప్పారు. పాపం ఆయన ఉద్దేశం ప్రపంచం కళ్ళు. జనం మాత్రం దాన్ని ఇంకొంచెం సులువుగా అర్థం చేసుకున్నారు, ప్రపంచం ఎక్కడో ఉంది, ఎదురింటి కిటికీ అయితే ఇక్కడే ఉంది కదా అని.

దీని వెనక ఓ లెక్క ఉంది, అది అర్థమైతే మిగతావన్నీ వాటంతటవే అర్థమవుతాయి. ఊరంతా కలిసి దేవుడితో నిబంధన చేసుకున్నారు. ఒప్పందం మీద సంతకం అందరిదీ, అంటే తప్పు ఒకడు చేసినా దెబ్బ అందరికీ. పక్కింటాయన ఆదివారం పూట దొంగచాటుగా కట్టెలు కొట్టుకున్నాడనుకోండి, అది ఆయనకీ దేవుడికీ మధ్య విషయం కాదు, రేపు మీ పొలంలో మొక్కజొన్నకి పురుగు పడితే దానికి కారణం ఆ కట్టెలే కావచ్చు. మరి మీరు ఊరుకుంటారా? ఊరుకోరు. కంచె మీద నుంచి తొంగి చూస్తారు. అది పక్కోడి విషయాల్లో వేలు పెట్టడం కానే కాదు, పంటల బీమా.

మరి అందరూ అందర్నీ చూడాలంటే దగ్గర దగ్గరగా ఉండాలి కదా, దానికీ చట్టం చేశారు. 1635లో వచ్చిన రూల్ ఏంటంటే కొత్తగా కట్టే ఊళ్ళల్లో ఏ ఇల్లూ మీటింగ్ హౌస్‌కి అర మైలు దాటి ఉండకూడదు. మీటింగ్ హౌస్ అంటే ప్రార్థనకీ అదే, ఊరి పంచాయతీకీ అదే. రెడ్ ఇండియన్ల భయం కూడా ఓ కారణమనుకోండి, కానీ ఒకే దెబ్బకి రెండు పిట్టలు. కాకపోతే జనాలకి భూమి మీద ఆశ దేవుడి మీద భయం కన్నా తొందరగా పెరిగిపోయి, దూరంగా పొలాలు కొనుక్కుని అక్కడే ఇళ్ళు కట్టేసుకోవడం మొదలెట్టారు, ఐదేళ్ళకే ఆ చట్టం ఎత్తేయాల్సొచ్చింది. మన రియల్ ఎస్టేట్ వాళ్ళు ఇది చదివితే ఆనందపడతారు.

ఒంటరిగా ఉండేవాళ్ళ సంగతి ఇంకా కష్టం. పెళ్ళి కానివాడు ఒక్కడే ఒక ఇంట్లో ఉంటే అక్కడ ఏం చేస్తున్నాడో ఎవడు చూస్తాడు? పక్కనున్న కనెక్టికట్ కాలనీలో పెళ్ళీ లేక పనివాడూ లేక ఊరి పర్మిషన్ లేకుండా విడిగా కాపురం పెట్టిన కుర్రాడికి వారానికి 20 షిల్లింగుల ఫైన్. వారానికి అండీ, నెలకి కాదు. హైదరాబాద్‌లో బ్యాచిలర్లకి ఇల్లు ఇవ్వం అనే ఓనర్లు తామేదో కొత్తగా కనిపెట్టామనుకుంటారు గానీ, పాపం వాళ్ళు వద్దు అని ఊరుకుంటారు, వీళ్ళు ఊరుకోలేదు. మసాచుసెట్స్‌లో హేవర్‌హిల్ ఊరి జాన్ లిటిల్‌ఏల్ అనేవాడు ఒంటరిగా ఇంట్లో పడుకుంటున్నాడని, దానివల్ల బోలెడు పాపానికి అవకాశం ఉందని 1672లో కోర్టు దాకా వెళ్ళింది. వాడు పాపం చేశాడని ఎవరూ అనలేదు గమనించండి, అవకాశం ఉంది అన్నారంతే. తీర్పు: పద్ధతైన కుటుంబం చూసుకుని అందులో చేరు, లేదంటే జైలుకి పద. మొత్తానికి ఒంటరితనం అనే సమస్య లేకుండా చేశారు, దీన్ని ఇవాళ్టి సైకాలజిస్టులు కూడా చెయ్యలేకపోతున్నారు.

ఇక ఆదివారం. ఆదివారం అంటే మనకి చికెనూ నిద్రా. వాళ్ళకి శనివారం పొద్దుగూకగానే విశ్రాంతి దినం మొదలు, పేరుకే విశ్రాంతి. పొద్దున ఓ ప్రసంగం, మధ్యాహ్నం ఓ ప్రసంగం, ఒక్కోటీ గంటా రెండు గంటలు, చలికాలం ఆ హాల్లో నిప్పు కూడా ఉండదు. రాకపోతే ఐదు షిల్లింగుల దాకా ఫైన్. వస్తే ఎక్కడ కూర్చోవాలో కూడా మీ ఇష్టం కాదు, చాలా ఊళ్ళల్లో కమిటీ కూర్చుని వయసు, ఆస్తి, పరువు చూసి ఎవడి బెంచీ ఎక్కడో రాసి ఇచ్చేది. అంటే దేవుడి ముందు అందరూ సమానమే, బెంచీలు మాత్రం వరసలో ఉంటాయి. మన పెళ్ళిళ్ళల్లో ముందు వరస సోఫాల కోసం జరిగే గొడవలు చూసినవాళ్ళకి ఈ కమిటీ అంటే ఎంత కష్టమో తెలుస్తుంది.

అన్ని గంటలు చలిలో కూర్చుంటే కునుకు రాదా అంటే వస్తుంది, లిన్ అనే ఊళ్ళో రోజర్ స్కాట్‌కి వచ్చింది. ఒకసారి కాదు, ఆదివారం ప్రసంగం అనగానే నిద్ర ఆయనకి అలవాటు. లేపినవాణ్ణి పట్టుకుని ఒక్కటిచ్చాడు. 1643లో కోర్టుకెక్కించారు, మామూలుగా నిద్రపోవడం, లేపినవాణ్ణి కొట్టడం, ఈ రెండు నేరాలకి కొరడా దెబ్బలు. నాకైతే కాలనీ చరిత్ర మొత్తంలో రోజర్ స్కాట్ అంత మామూలు మనిషి ఇంకోడు కనపడడు.

తర్వాత్తర్వాత జనం భక్తి పలచబడుతోందని, 1670ల చివర్లో దీన్ని ఇంకొంచెం పద్ధతిగా చెయ్యాలనుకుని ప్రతి పదీ పన్నెండు ఇళ్ళకీ ఒక టైథింగ్‌మ్యాన్‌ని పెట్టారు. వాడూ ఆ వీధివాడే. ఎవడు తాగుతున్నాడు, ఎవడి పిల్లలు బైబిల్ చదవట్లేదు, ఎవడింట్లో దొంగసారా అమ్ముతున్నారు, అన్నీ చూసి రిపోర్ట్ చెయ్యాలి. గుర్తుకోసం రెండడుగుల నల్లకర్ర, దాని కొసకి మూడంగుళాల ఇత్తడి పొన్ను. ఆ ఇత్తడి పొన్ను దగ్గర నేను కాసేపు ఆగాను. నిన్నటిదాకా మామూలుగా పలకరించి వెళ్ళిన పక్కింటాయన ఇవాళ చేతిలో ఆ కర్రతో గుమ్మంలో నుంచుంటే మీ మొహం ఎలా ఉంటుందో ఊహించుకోండి, ఆయన మొహం ఎలా ఉంటుందో అది ఇంకా బాగా ఊహించుకోండి.

ఇన్ని కళ్ళు ఉన్నాక జైళ్ళతో పెద్దగా పనిలేదు. జైల్లో పెడితే కాపలా పెట్టాలి, దండగ. సిగ్గు అయితే ఖర్చు లేదు. 1634లో రాబర్ట్ కోల్స్ అనే తాగుబోతుకి ఏడాదిపాటు మెడలో తెల్లగుడ్డ మీద ఎర్ర అక్షరం వేసుకు తిరగమన్నారు, ఇంగ్లీషులో తాగుబోతు అనే మాటకి మొదటి అక్షరం. అంతకన్నా నాకు నచ్చింది 1631లో జోసయ్య ప్లేస్టో కేసు. రెడ్ ఇండియన్ల దగ్గర నాలుగు బుట్టల మొక్కజొన్నలు కొట్టేశాడు. తీర్పు: ఎనిమిది బుట్టలు తిరిగిచ్చెయ్, ఐదు పౌండ్లు కట్టు, ఇంకనుంచి నిన్ను మిస్టర్ అని పిలవరు, ఉట్టి జోసయ్య అనే పిలుస్తారు. చూశారా, గారు కట్! దీని పవర్ తెలుగువాళ్ళకి చెప్పక్కర్లేదు. రేపు మన దగ్గర ఏదో ఒక స్కాములో దొరికిన ప్రతివాడికీ కోర్టు, డబ్బు సంగతి తర్వాత, ముందు ఊరంతా నిన్ను ఒరేయ్ అనొచ్చు అని తీర్పిస్తే అవినీతి ఏమవుతుందో ఓసారి ఆలోచించండి.

ఇక బొండకొయ్య. కాళ్ళు కన్నాల్లో పెట్టి బిగించి నలుగురూ తిరిగే చోట కూర్చోబెట్టడం. 1639లో బోస్టన్‌కి కొత్తది ఒకటి కావాల్సొచ్చి ఎడ్వర్డ్ పామర్ అనే వడ్రంగికి పని ఇచ్చారు. ఆయన పలకలకీ పనితనానికీ కలిపి 1 పౌండు 13 షిల్లింగుల 7 పెన్నీలు బిల్లేశాడు. ఇది మరీ దారుణం, దోపిడీ అని కోర్టు వారు ఆయనకి ఐదు పౌండ్ల ఫైన్ వేసి (తర్వాత తగ్గించారు లెండి), తను చేసిన బొండకొయ్యలో గంటసేపు కూర్చోమన్నారు. కాంట్రాక్టర్ బిల్లు ఎక్కువ వేస్తే అదే కట్టడంలో పడేయడం అన్నమాట. మన ఫ్లైఓవర్ల విషయంలో... సరే వద్దు, విషయం పక్కకి పోతుంది.

నవ్వుకున్నాం కదా, పామర్‌ని మాత్రం గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే ఈ కాలనీలో కొయ్య చేసేవాడికీ కొయ్యలో కూర్చునేవాడికీ మధ్య దూరం ఎప్పుడూ ఆ గంటే.

యాన్ హచిన్సన్ అని ఒకావిడ 1634లో భర్తా పిల్లలతో బోస్టన్ వచ్చింది. మంత్రసాని పని తెలుసు, బైబిల్ అంతకన్నా బాగా తెలుసు. ఆదివారం ప్రసంగం అయ్యాక ఆడవాళ్ళని ఇంటికి పిలిచి ఆ ప్రసంగం గురించి మాట్లాడేది, తర్వాత మగాళ్ళు కూడా రావడం మొదలెట్టారు, 60 మంది, 80 మంది అయ్యారు. ఇల్లు ఎక్కడనుకున్నారు, సరిగ్గా విన్‌త్రాప్ గారి ఇంటికి ఎదురుగా. కొండమీద పట్టణం కట్టిన మనిషి ప్రతివారం తన కిటికీలోంచి ఎదురింటికి జనం కట్టలు కట్టలుగా పోవడం చూడాల్సొచ్చింది. పైగా ఆవిడ అనేదేంటంటే ఈ పాదిరులు చాలామంది కృప గురించి కాకుండా క్రియల గురించే బోధిస్తున్నారని, అంటే మంచి పనులు చేస్తే, పైకి పద్ధతిగా కనపడితే రక్షణ వచ్చేస్తుందన్నట్టు చెప్తున్నారని. ఇది వినడానికి వేదాంతం. కానీ పైకి పద్ధతిగా కనపడటం మీదే కదా ఊరి మొత్తం కాపలా ఏర్పాటు నడిచేది! సంఘంలో మెంబర్ అవ్వాలంటే రక్షణ ఎలా దొరికిందో అందరి ముందూ సాక్ష్యం చెప్పి ఒప్పించాలి, మెంబర్ అయితేనే ఓటు, ఓటున్నవాళ్ళే ప్రభుత్వం. కనపడేదానికీ లోపలున్నదానికీ సంబంధం లేదని ఒకావిడ అంటే ఇక ఎవరు ఎవరిని చూసి ఏం లాభం?

1637 నవంబర్‌లో విచారణ. విన్‌త్రాప్ గారే గవర్నర్, ఆయనే జడ్జి, ప్రశ్నలేసేదీ చాలావరకు ఆయనే, సిబ్బంది ఖర్చు ఎంత కలిసొచ్చిందో చూడండి. నేనేం తప్పు చేశానో చెప్పండి అని ఆవిడ అడిగితే వాక్యం మీద వాక్యం వాదన జరిగి, ఎక్కడా దొరక్క, చివరికి ఆయన, మీ ఆడవాళ్ళతో మాకు చర్చలు అక్కర్లేదు అనేశారు. అంతకుముందు పాదిరులు ఆవిడని విడిగా కూర్చోబెట్టి, మనసులో మాట చెప్పమ్మా అని మాట్లాడించారు కదా, ఆ విడిగా మాట్లాడిన మాటలే తీసుకొచ్చి కోర్టులో చదివారు. వాట్సాప్ స్క్రీన్‌షాట్లు కొత్తగా వచ్చాయనుకునేవాళ్ళ కోసం చెప్తున్నా. అయినా ఆవిడ తగ్గలేదు, మీరు ప్రమాణం చేసి చెప్పండి అంది. చివరికి, దేవుడు నాకు నేరుగా తెలియజేశాడు అని ఆవిడ నోటితోనే అనడంతో కథ అయిపోయింది. దేశబహిష్కారం. ఎందుకు నన్ను వెళ్ళగొడుతున్నారో తెలుసుకోవాలనుంది అంది ఆవిడ. దానికి విన్‌త్రాప్ గారి జవాబు నేను కల్పించింది కాదు, రికార్డులో ఉంది: ఇంకేం మాట్లాడకు, ఎందుకో కోర్టుకి తెలుసు, కోర్టు తృప్తి పడింది.

ఇంత అందమైన తీర్పు నేను ఎక్కడా చదవలేదు. మన ఆఫీసుల్లో అప్లికేషన్ రిజెక్ట్ చేసేవాళ్ళు ఇది ఫ్రేమ్ కట్టించి పెట్టుకోవచ్చు.

ఆవిడ వైపు మాట్లాడినవాళ్ళు, ఆవిడ వైపు పాదిరి కోసం అర్జీ మీద సంతకం పెట్టినవాళ్ళు 75 మందిని ఆయుధాలు అప్పజెప్పమన్నారు. తప్పయిపోయింది, సంతకం పెట్టకుండా ఉండాల్సింది అని ఒప్పుకుంటే తుపాకీ ఉంచుకోవచ్చు. చాలామంది ఒప్పుకున్నారు, తుపాకీ లేకుండా ఆ అడవుల పక్కన కాపురమంటే మాటలు కాదు. బోస్టన్ వాళ్ళు ఆ తుపాకులూ కత్తులూ తెచ్చి ఇవ్వాల్సింది ఎవరింట్లో? కెప్టెన్ రాబర్ట్ కీన్ గారింట్లో. పెద్ద వ్యాపారి, సంఘంలో మంచి పేరు, పాస్టర్ విల్సన్ గారికి స్వయానా తోడల్లుడు. అంత నమ్మకస్తుడు.

రెండేళ్ళు తిరిగేసరికి ఆ కీన్ గారే కోర్టులో నుంచున్నారు. నేరం, లాభం ఎక్కువ తీసుకోవడం. మేకులు, గుండీలు, గుర్రం కళ్ళెం, ఇలాంటివి ఎక్కువ రేటుకి అమ్మాడని జనం ఫిర్యాదు. 200 పౌండ్ల ఫైన్, తర్వాత కొంత తగ్గించారనుకోండి. కోర్టుతో పోతుందా, సంఘం ముందు కూడా నుంచోవాలి, తోడల్లుడి గారి సంఘమే. అక్కడ ఏడుస్తూ తన అత్యాశ ఒప్పుకున్నాడు పాపం. ఆ వేడిలోనే జాన్ కాటన్ అనే పెద్ద పాదిరి ఓ ప్రసంగం చేసి, వీలైనంత తక్కువకి కొనడం వీలైనంత ఎక్కువకి అమ్మడం అనేది తప్పుడు సూత్రం అని బోధించారు. దీన్ని ఇవాళ మన బిజినెస్ స్కూళ్ళలో మొదటి క్లాసులో మంచి సూత్రమని చెప్తారు, కాబట్టి కీన్ గారు 400 ఏళ్ళు తొందరగా పుట్టారంతే.

ఆయనకి ఆ అవమానం పోలేదు. అంతలో ఓ పంది గొడవ కూడా వచ్చిపడింది, షెర్మన్ అనే ఆవిడ నా ఆడపందిని ఈయన కోసుకు తినేశాడని ఏళ్ళ తరబడి పోరాడితే, చట్టసభలో పెద్దలు కీన్ వైపు, ప్రజల ప్రతినిధులు ఆవిడ వైపు అయి, ఎటూ తేలక, 1644లో సభని రెండుగా విడగొట్టుకున్నారు. మసాచుసెట్స్‌లో ఇప్పటికీ రెండు సభలున్నాయి, పుణ్యం ఆ పందిది. కీన్ గారు మాత్రం 1653లో వీలునామా రాయడానికి కూర్చుని, ఆస్తి పంపకాలతో ఆగకుండా మేకుల రేటు గురించీ గుండీల రేటు గురించీ తనకి జరిగిన అన్యాయం గురించీ 158 పేజీలు రాశారు. 158 పేజీల వీలునామా. పద్నాలుగేళ్ళు గడిచినా మేకుకి తీసుకున్న రేటు న్యాయమైనదేనని పిల్లలకి కాదు, ఊరికి చెప్పుకుంటున్నాడు మనిషి. హచిన్సన్ వాళ్ళ తుపాకులు తన గుమ్మంలో కుప్పగా పడ్డ రోజు ఆయనకి ఏమైనా అనిపించిందా అనేది నాకు తెలుసుకోవాలనుంది.

బట్టల విషయానికొస్తే అక్కడ న్యాయం ఇంకా స్పష్టంగా ఉంటుంది. 1651 చట్టం ప్రకారం 200 పౌండ్ల ఆస్తి లేనివాళ్ళు బంగారు వెండి లేసులూ గుండీలూ, ఖరీదైన అల్లిక లేసులూ, సిల్కు స్కార్ఫులూ వేసుకోకూడదు. దేవుడికి ఆడంబరం ఇష్టం ఉండదు, అందులోనూ బీదవాళ్ళ ఆడంబరం అసలు ఇష్టం ఉండదు. అధికారులకీ వాళ్ళ పెళ్ళాం పిల్లలకీ మినహాయింపు, మిలటరీ ఆఫీసర్లకి మినహాయింపు, పెద్ద చదువులు చదివినవాళ్ళకి మినహాయింపు, ఒకప్పుడు ఆస్తి ఉండి ఇప్పుడు పోగొట్టుకున్నవాళ్ళకి కూడా మినహాయింపు. బతికిచెడ్డ కుటుంబాల మీద కూడా జాలి చూపించారంటే ఎంత పెద్ద మనసండీ. 1676లో నార్తాంప్టన్‌లో 16 ఏళ్ళ అమ్మాయిని సిల్కు వేసుకుని టెక్కు చూపించిందని కోర్టుకి పిలిస్తే, ఆ పిల్ల కోర్టుకి కూడా అదే సిల్కు వేసుకుని వచ్చి నుంచుంది. పది షిల్లింగులు పోతే పోయాయి గానీ. రోజర్ స్కాట్ తర్వాత నేను అభిమానించే రెండో మనిషి ఈ పిల్లే.

క్రిస్మస్ సంగతి అందరికీ తెలిసిందే, 1659 నుంచి 1681 దాకా క్రిస్మస్ చేసుకుంటే, అంటే ఆ రోజు పని మానేసినా విందు చేసినా, ఐదు షిల్లింగుల ఫైన్. బైబిల్లో ఆ తేదీ లేదు కాబట్టి పండగ లేదు, లాజిక్ కరెక్టే. 1675లో ఇండియన్లతో పెద్ద యుద్ధం వచ్చి ఊళ్ళకి ఊళ్ళు తగలబడుతుంటే చట్టసభ కూర్చుని దేవుడికి ఎందుకు కోపం వచ్చిందో లిస్టు రాసింది. అందులో మగాళ్ళ పొడుగు జుట్టూ విగ్గులూ ఉన్నాయి, ఆశీర్వాదం అవ్వకముందే మీటింగ్ హౌస్‌లోంచి జారుకోవడం ఉంది, క్వేకర్లని (పాదిరులే అక్కర్లేదనే ఇంకో క్రైస్తవ శాఖవాళ్ళు) సరిగ్గా అణచకపోవడం ఉంది. ఇండియన్ల భూములు లాక్కోవడం గురించి అయితే లేదు. జుట్టు కత్తిరించుకోవడం తేలిక, భూమి తిరిగివ్వడం కష్టం కదా.

క్వేకర్లు అన్నాను కాబట్టి మేరీ డయ్యర్ గురించి చెప్పకుండా ముందుకెళ్ళడం కుదరదు. హచిన్సన్‌ని సంఘం నుంచి కూడా వెలివేసిన రోజు అందరూ చూస్తుండగా లేచి ఆవిడతోపాటు బయటికి నడిచిన మనిషి ఈవిడ. ఎవరావిడ అని ఆరా తీస్తే, ఆవిడకి కొన్ని నెలల క్రితం చచ్చిపుట్టిన బిడ్డ ఉందనీ, అవయవాలు సరిగ్గా లేవనీ బయటపడింది. విన్‌త్రాప్ గారు ఆ బిడ్డని తవ్వించి తీయించారు. చూశారు. రాసిపెట్టుకున్నారు, తప్పుడు నమ్మకాలకి దేవుడి సాక్ష్యం అని. ఇక్కడ నాకు జోకు రావట్లేదు, క్షమించాలి.

తర్వాత ఆవిడ క్వేకర్ అయింది. వెళ్ళగొడితే మళ్ళీ వచ్చింది. 1659 అక్టోబర్‌లో ఇద్దరు మగాళ్ళని ఉరితీసి, మెడకి తాడు వేశాక చివరి నిమిషంలో ఆవిణ్ణి దింపి పంపేశారు, భయపడుతుందని. మరుసటి ఏడాది మే నెలలో మళ్ళీ వచ్చింది. 1660 జూన్ 1న ఉరి. నలుగురు క్వేకర్లు అలా పోయారు. ప్రభుత్వం వారి వివరణ కూడా చాలా పద్ధతిగా ఉంది: రావద్దన్నాం, వస్తే ప్రాణం పోతుందని ముందే చెప్పాం, అయినా వచ్చారు, కాబట్టి వాళ్ళ చావుకి వాళ్ళే కారణం. చివరికి 1661లో ఇంగ్లండ్ రాజు రెండో చార్లెస్ ఆపమని ఉత్తరం పంపాడు, అదీ బోస్టన్ దగ్గరి సేలం నుంచి వెళ్ళగొట్టిన శామ్యూల్ షాటక్ అనే క్వేకర్ చేతికే ఇచ్చి పంపాడు. క్వేకర్లు ఎవరి ముందూ టోపీ తియ్యరు, గవర్నర్ ఎండికాట్ గారు తీయించారు, ఉత్తరం మీద రాజముద్ర చూసి ఆ టోపీ తిరిగిచ్చి తన టోపీ తీశారు అని క్వేకర్లు చెప్పుకుంటారు.

ఇప్పుడు సేలం. ఇప్పుడక్కడ టూరిస్టులు మంత్రగత్తె టోపీలు పెట్టుకుని ఫొటోలు దిగుతారు, బోస్టన్ చుట్టుపక్కల సాఫ్ట్‌వేర్ చేసుకునే మనోళ్ళు ఇండియా నుంచి అమ్మానాన్నా వస్తే అక్టోబర్‌లో ఓ శనివారం అక్కడికే తీసుకెళ్తారు, పార్కింగ్ దొరకదని తిట్టుకుంటారు. 1692లో అక్కడ మంత్రగత్తెలని జనాన్ని పట్టుకుని విచారించారు, అది దెయ్యాల కథ కాదండీ, 60 ఏళ్ళ ట్రైనింగ్‌కి ఫైనల్ పరీక్ష. ఊరంతా ఒకళ్ళనొకళ్ళు చూసుకోవడం నేర్చుకున్నాక, కనపడనివి కూడా చూడటం మొదలెట్టారు. ఫలానా ఆవిడ ఆత్మ వచ్చి నన్ను గిల్లింది అని ఆడపిల్లలు అరిస్తే అది సాక్ష్యం. ఆ టైముకి ఆవిడ ఇంట్లో వంట చేసుకుంటోంది అన్నా లాభం లేదు, వంట చేసింది శరీరం, గిల్లింది ఆత్మ.

రూల్ అయితే సింపుల్. అవును నేను మంత్రగత్తెనే అని ఒప్పుకుని ఇంకో నలుగురి పేర్లు చెప్తే బతుకుతావు. నేను కాదు, నేను దేవుణ్ణి నమ్ముకున్నదాన్ని, అబద్ధం చెప్పలేను అంటే ఉరి. అంటే ఎవరు నిజమైన ప్యూరిటనో వాళ్ళు ఏరి ఏరి చచ్చారు. 19 మందిని ఉరితీశారు. గైల్స్ కోరీ అనే ఎనభై ఏళ్ళ ముసలాయన అసలు నోరే విప్పనంటే గుండెల మీద రాళ్ళు పేర్చి చంపారు. సారా గుడ్ అనే ఆవిడ కూతురు డొరొతీకి నాలుగైదేళ్ళు, దాన్ని కూడా గొలుసులేసి నెలల తరబడి జైల్లో పెట్టారు. జైల్లో తిన్న తిండికి, వేసిన గొలుసులకి ఖైదీలే డబ్బు కట్టాలి, నిర్దోషి అని వదిలేసినా బాకీ తీర్చందే బయటికి రానివ్వరు. ముందే చెప్పాను కదా, ఖర్చు మిగల్చడంలో వీళ్ళని కొట్టేవాళ్ళు లేరని.

మొదట్లో బిచ్చమెత్తుకునేవాళ్ళు, నోరున్న ఆడవాళ్ళు, పక్కవాళ్ళతో పొలం గట్టు తగాదాలున్నవాళ్ళు. అక్కడిదాకా ఎవరికీ పెద్ద ఇబ్బంది లేదు. తర్వాత సంఘంలో మంచి పేరున్న రెబెకా నర్స్ లాంటి పెద్దావిడ, తర్వాత ఒక పాదిరి, తర్వాత డబ్బున్న ఓడల వ్యాపారి, ఆ తర్వాత గవర్నర్ విలియం ఫిప్స్ గారి భార్య పేరు కూడా వినపడింది. అప్పుడు గవర్నర్ గారికి ఆ సాక్ష్యాల మీద తీవ్రమైన న్యాయశాస్త్ర సందేహాలు కలిగాయి. 1692 అక్టోబర్ చివర్లో ఆ కోర్టే ఎత్తేశారు.

తర్వాత పశ్చాత్తాపాలు బాగానే జరిగాయి. 1697లో కాలనీ అంతా ఉపవాసం, శామ్యూల్ సూవల్ అనే జడ్జి మీటింగ్ హౌస్‌లో లేచి నుంచుని తన తప్పు చదివించుకున్నారు, మిగతా జడ్జీలు కూర్చునే ఉన్నారు. 1711లో బాధితుల కుటుంబాలకి 578 పౌండ్ల 12 షిల్లింగులు పంచి, చాలామంది పేర్ల మీదున్న శిక్షలు కొట్టేశారు. హచిన్సన్ బహిష్కారం రద్దు చెయ్యడానికి 1987 దాకా పట్టింది, ఈలోగా ఆవిడ విగ్రహం అయితే రాష్ట్ర సభా భవనం ముందు పెట్టేశారు, అంటే అరవై అయిదేళ్ళు ఆవిడ విగ్రహం అక్కడ చట్టవిరుద్ధంగా నుంచుందన్నమాట. ఎలిజబెత్ జాన్సన్ అని ఒకావిడ, 1692లో 22 ఏళ్ళది, ఉరిశిక్ష పడి అమలు కాకుండా బతికిపోయింది, కానీ 1711 లిస్టులో ఆవిడ పేరు లేదు. నా పేరు మర్చిపోయారు అని 1712లో తనే అర్జీ పెట్టుకుంది. 2022లో నార్త్ ఆండోవర్ స్కూల్ ఎనిమిదో క్లాసు పిల్లలు పట్టుబట్టి తిరిగితే, రాష్ట్ర బడ్జెట్ బిల్లులో ఓ మూల చేర్చి శిక్ష కొట్టేశారు. అర్జీకి జవాబు రావడానికి 310 ఏళ్ళు ఎందుకు పట్టిందని మాత్రం అడక్కండి. ఎందుకో కోర్టుకి తెలుసు, కోర్టు తృప్తి పడింది.